ఆశ్రమ పాఠశాలల్లో సికిల్ సెల్ పిల్లలు: పీవో గారికిచ్చే అర్జీలో ఏం అడగాలి?

కొండదారి_హౌస్‌సర్జన్ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మేం తొమ్మిది మందిమి. ఆరుగురు హౌస్ సర్జన్లు, ముగ్గురు బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది. కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగులో ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీకి వెళ్లాం. ఎక్కడో రాయను.

పక్కనే ఆశ్రమ పాఠశాల. ఏడో తరగతి పాప ఒకతె రాత్రి పదిన్నరకి కాళ్లూ నడుమూ పట్టేసి ఏడవడం మొదలుపెట్టిందట. పొద్దున పరీక్ష ఉంది కాబట్టి నాటకం అనుకున్నారు. తెల్లారాక ఆటోలో మా దగ్గరికి తెచ్చేసరికి కళ్లు పచ్చగా ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది. సెలైన్ పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ చేసి, ఏరియా ఆసుపత్రికి పంపాం. ఇప్పుడు బాగానే ఉంది. తర్వాత తెలిసిన సంగతే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆ పాప ట్రంకు పెట్టెలో, బట్టల అడుగున, సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తరోగం, ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి) కార్డు ఉంది. పరీక్ష ఏడాది కిందటే అయింది. రోగం ఉందని కార్డు మీద రాసే ఉంది. వార్డెన్‌కి తెలీదు, హెచ్ఎంకి తెలీదు, వాళ్ల నాన్నకి అలాంటి కార్డు ఒకటుందనే తెలీదు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. నలభై ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047కల్లా రోగం లేకుండా చెయ్యడం, ఇదీ లక్ష్యం. పరీక్షలు జరుగుతున్నాయి, కాదనను. ఆ పాపకీ జరిగింది కదా.

అందుకని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్ట్ ఆఫీసర్ (పీవో) గారికి అర్జీ రాస్తున్నాం. ఇప్పటికి పద్నాలుగు డిమాండ్లు వచ్చాయి. ప్రతి స్కూల్లో ఏఎన్ఎం, ప్రతి పీహెచ్‌సీలో హెచ్‌పీఎల్‌సీ (ఈ రోగాన్ని ఖాయం చేసే రక్తపరీక్ష) మెషీను, జిల్లాకో రక్తనిధి, జన్యు సలహాదారు, పింఛను, ఉద్యోగాల్లో కోటా, ఇలా. ఇంకేమైనా చేర్చాలా?

సీతంపేట_మాస్టారు

బాబూ, చేర్చడం కాదు, తీసెయ్యండి. ముప్పై రెండేళ్లు ఆశ్రమ స్కూళ్లలో పనిచేసి రిటైరయ్యాను. పద్నాలుగు డిమాండ్ల అర్జీకి ఏమవుతుందో చెప్తాను వినండి. దాని మీద "పరిశీలించి తగు చర్య" అని ఒక ముక్క పడుతుంది. ఆనక పద్నాలుగు సెక్షన్లకి జిరాక్సులు వెళ్తాయి. పద్నాలుగు సెక్షన్లూ "ఇది మాది కాదు" అని రాస్తాయి. ఒక పేజీ దాటిన అర్జీని చివరిదాకా చదివిన ఆఫీసర్ని నేను ఇద్దర్నే చూశాను, అందులో ఒకాయన బదిలీ అయిపోయాడు.

వెన్నెల_డిగ్రీ

నాకు సికిల్ సెల్ ఉంది. క్యారియర్ని కాను, రోగమే. ఐదు నుంచి పది దాకా ఆశ్రమ పాఠశాలలోనే చదివాను.

డాక్టరుగారూ, మీ జాబితా అంతా మీ వైపు నుంచి ఉంది. మెషీను, రక్తనిధి, సలహాదారు. నాకు ఆరేళ్లలో నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందో చెప్పమంటారా? డిసెంబరు, జనవరిలో. పొద్దున నాలుగున్నరకి లేపి, మంచు కురుస్తుంటే బోరింగు దగ్గర చన్నీళ్ల స్నానం. తర్వాత పీటీ. చలికి, అలుపుకి, దాహానికి మా రక్తం గడ్డకట్టినట్టు ఇరుక్కుపోతుందని నాకు ఇంటర్‌లో బోటనీ మేడం చెబితే తెలిసింది. అప్పటిదాకా నాకు నేనే సోమరిపోతుననుకునేదాన్ని. "ఎండలో ఆడదు, చలిలో లేవదు, తిండికి మాత్రం ముందుంటది" అని మా డిప్యూటీ వార్డెన్ అనేది. ఆమె చెడ్డది కాదు. నాకు కామెర్లొస్తే సొంత డబ్బులతో పసరు తెప్పించింది.

రాత్రి పూట దాహమేస్తే డార్మిటరీలో నీళ్లుండేవి కావు. తలుపు బయట తాళం. ముందు ఇది రాయండి.

ఊట్నూరు_పోరడు

అక్కా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా దిక్కు గోండు గూడేల గదే కథ. కార్డులు ఇచ్చిండ్రు, గని ఏం రాసుందో ఎవ్వలికి సమజ్ గాలె. మా పెద్దనాయన బిడ్డకు "క్యారియర్" అని వచ్చింది. పెండ్లి ఖాయమైనంక పిల్లగాని తరఫోల్లు కార్డు సూశి "ఈ పిల్లకు రక్తం రోగమున్నది" అని వద్దన్నరు. గిప్పుడు మా గూడెంల కార్డు అంటెనే దాసిపెడుతున్నరు. పరీక్షకు రమ్మంటె అడివిల వడుతున్నరు. డాక్టర్ సాబ్, క్యారియర్ అంటె రోగమా కాదా? ఒక్క ముక్కల చెప్పున్రి, గూడెంల జెప్పుకుంట.

కొండదారి_హౌస్‌సర్జన్

కాదన్నా. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జన్యువులూ సికిల్‌వైతే రోగం. ఒక్కటే ఉంటే క్యారియర్, ఆ అమ్మాయికి మందులు అక్కర్లేదు, మామూలుగానే బతుకుతుంది. పైగా ఆ ఒక్క జన్యువు ఉన్నవాళ్లకి ప్రాణాంతకమైన మలేరియా అంత సులువుగా సోకదు. మన్యంలో తరతరాలుగా ఆ జన్యువు నిలిచి ఉండడానికి కారణమూ అదే. పెళ్లికొడుకూ క్యారియర్ అయితే ఆలోచించాలి. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే కార్డు చూడాల్సింది ఇద్దరిదీ. పిల్ల కార్డు ఒక్కటే చూసి వద్దనడం అన్యాయం.

వెన్నెల గారూ, మీరు రాసింది మా తొమ్మిది మందిమీ కూర్చుని చదివాం. ఏమనాలో తెలీలేదు. చన్నీళ్ల గురించి మా పద్నాలుగింటిలో ఒక్క మాట లేదు. చలి వల్ల నొప్పులొస్తాయని పాఠ్యపుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం.

లోకం_పోకడ

ఏ అర్జీ ఇచ్చినా చెత్తబుట్టలోకే. పీజీ ఎంట్రన్స్‌కి చదువుకోండి నాయనా. ఇదంతా పేపర్లో ఫొటో కోసం.

సీతంపేట_మాస్టారు

ఫొటో పడినా పర్లేదు, నీళ్లు వేడెక్కితే చాలు.

మందుల_కౌంటర్

పీహెచ్‌సీలో ఫార్మసిస్టుని. మందు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా.

ఈ రోగానికి రోజూ వేసుకోవాల్సినవి హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. రెండూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. హైడ్రాక్సీయూరియా సరిగ్గా వాడితే నొప్పులు తగ్గుతాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. మరి పీహెచ్‌సీలో ఎందుకుండదు? ఇండెంట్, అంటే పైనుంచి మందులు తెప్పించుకునే పత్రం, పాత వాడకాన్ని బట్టి పెడతాం. పోయిన మూడు నెలల్లో ఎంత ఖర్చయిందో అంతకి. పిల్ల మా దగ్గరికి రాదు కాబట్టి ఖర్చు సున్నా. ఖర్చు సున్నా కాబట్టి ఇండెంట్ సున్నా. ఇండెంట్ లేదు కాబట్టి మందు పెద్దాసుపత్రిలోనే. అక్కడికి ఒక పూట ప్రయాణం, తోడు ఒక మనిషి, ఆ రోజు కూలి పోతుంది. రెండుసార్లు వెళ్తారు, మూడోసారి మానేస్తారు.

కాబట్టి "మందులు ఇవ్వండి" అని రాయకండి. "ఫలానా పీహెచ్‌సీ పరిధిలో రోగం ఉన్న పిల్లలు ఇంతమంది, నెలకి ఇన్ని క్యాప్సూళ్లు కావాలి" అని సంఖ్య రాయండి. పేర్లు వద్దు. సంఖ్య చేతిలో ఉంటే ఇండెంట్ పెట్టడం నాకు పది నిమిషాల పని. ఇంకోటి, ఆ మందు వాడేవాళ్లకి అప్పుడప్పుడూ తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూడాలి. రక్తపరీక్ష ఏర్పాటు లేకుండా మందు ఒక్కటే ఇచ్చేస్తే డాక్టరు సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా.

స్కూళ్లలో వారానికోసారి మింగించే నీలం మాత్రతో సరిపోతుందని కొందరు మాస్టార్లు అనుకుంటున్నారు. అది ఐరన్. అందులో ఫోలిక్ యాసిడ్ అర మిల్లీగ్రామే. పదే పదే రక్తం ఎక్కించుకున్న పిల్లలకి ఒంట్లో ఐరన్ పేరుకుని ఉంటుంది, వాళ్లకి డాక్టర్ని అడగకుండా ఆ మాత్ర వెయ్యకండి.

చట్టం_చదువరి

లా మూడో ఏడాది. మీ జాబితాలో "ఉద్యోగాల్లో కోటా" చూసి ఆగాను. అది పీవో గారి చేతిలోనే కాదు, ఇప్పుడున్న చట్టంలోనే లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ అందులోకి వచ్చాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ వస్తే 32వ సెక్షన్ కింద ఉన్నత విద్యలో 5 శాతం సీట్లలో వాటా ఉంది. కానీ ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చే 34వ సెక్షన్‌లో చూపు, వినికిడి, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక వైకల్యం లాంటివే ఉన్నాయి. రక్తరోగాలు లేవు. అంటే ఒకే చట్టం వెన్నెల గారిని కాలేజీ గేటు దాకా తీసుకెళ్లి, ఉద్యోగం గుమ్మం దగ్గర వదిలేసింది. మారాల్సిందే. అయితే మారాల్సింది పార్లమెంటులో. దానికి వేరే ఉత్తరం రాద్దాం, నేను రాస్తాను.

మీకు ఇక్కడ పనికొచ్చేవి రెండు. 25వ సెక్షన్: గ్రామీణ ప్రాంతాల్లో ముఖ్యంగా, దగ్గర్లోనే ఉచిత వైద్యం. ఆదాయ పరిమితి పెట్టుకునే వీలు ప్రభుత్వానికి ఉందనుకోండి, ఆశ్రమ పాఠశాల పిల్లల విషయంలో ఆ అడ్డు చెప్పేవాళ్లుండరు. "దగ్గర్లోనే" అన్న మాట చట్టంలోనే ఉంది, ఫార్మసిస్టు గారు చెప్పిన ఇండెంట్ గొడవకి అదే సమాధానం. రెండోది 16వ సెక్షన్: ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థ పిల్లల అవసరానికి తగ్గట్టు సౌకర్యాలు కల్పించాలి. పీటీ మినహాయింపు, వేడినీళ్లు దాని కిందకి వస్తాయని వాదించొచ్చు. దయ చూపమని అడగక్కర్లేదు.

వెన్నెల_డిగ్రీ

సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయింది నా కథ. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ దొరికి వెళ్లేసరికి నాకు నొప్పి లేదు. నడిచి వెళ్లాను, కుర్చీలో కూర్చున్నాను. "బాగానే ఉన్నావు కదమ్మా" అన్నారు. ఈ రోగం కాలో చెయ్యో లేకపోవడం లాంటిది కాదు కదా, వచ్చి పోతుంటుంది. ఆంధ్రలో మా రోగానికి నెలకి 10,000 పింఛను ఉందని అందరూ చెప్తారు. కాగితం పడితేనే కదా.

ఏఎన్ఎం_అక్క

ఇరవై ఏళ్ల సర్వీసు నాది. "ప్రతి స్కూల్లో ఏఎన్ఎం" అని రాశారు. సంతోషం. విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నదీ అందుకే. 2025 అక్టోబరులో కురుపాం గురుకులంలో పచ్చకామెర్లతో పిల్లలు పోయాక ఆ డిమాండ్ మళ్లీ గట్టిగా లేచింది. కానీ పోస్టు మంజూరు చెయ్యాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, ఒప్పుకోవాల్సింది ఆర్థిక శాఖ. పీవో గారు ఆ కాగితం పైకి పంపి చేతులు దులుపుకుంటారు. మీ పాప మళ్లీ చలికాలానికి అదే బోరింగు దగ్గరుంటుంది.

ఆయన ఒక్క సర్క్యులర్‌తో రేపు చెయ్యగలిగినవి ఏంటో అవి ముందు అడగండి. మిగతావి రెండో కాగితం.

ఇంకో మాట, కొంచెం బాధగా చెప్తున్నా. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందం బడికి ఏడాదికోసారి వస్తుంది. నేను పగలు వస్తాను, అదీ నా పదమూడు గూడేలు తిరిగాక. ఆ పాపకి నొప్పొచ్చింది రాత్రి పదిన్నరకి. రాత్రి అక్కడుండేది ఎవరు? వార్డెన్, వాచ్‌మన్, పై తరగతి ఆడపిల్లలు. నేర్పించాల్సింది వాళ్లకి. పదో తరగతి పిల్లలకి ఒక గంట చెప్పి చూడండి, మనకంటే బాగా చూసుకుంటారు.

అట్లాంటా_తెలుగు

ఇక్కడ పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. ఊట్నూరు అన్న రాసిన పెళ్లి సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అమెరికాలో సికిల్ సెల్‌ని రాజకీయాల్లోకి తెచ్చింది కూడా కుర్రకారే. ఓక్లండ్‌లోని మెరిట్ కాలేజీలో కలిసి చదువుకున్న ఇద్దరు నల్లజాతి యువకులు, హ్యూయీ న్యూటన్, బాబీ సీల్, 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. తుపాకుల సంగతే అందరికీ గుర్తు. 1971 నుంచి వాళ్లు సొంత క్లినిక్కుల్లో, వీధుల్లో ఉచితంగా సికిల్ సెల్ పరీక్షలు చేశారు. తమవాళ్ల రోగం కాబట్టే ప్రభుత్వం పట్టించుకోవడం లేదని నిలదీశారు. ఆ ఒత్తిడి పెరిగి, 1972లో నిక్సన్ సంతకంతో జాతీయ చట్టం వచ్చింది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. అదే ఊపులో కొన్ని రాష్ట్రాలు పరీక్షని తప్పనిసరి చేశాయి. బడిలో చేరాలన్నా, పెళ్లి లైసెన్సు కావాలన్నా పరీక్ష. విడమరిచి చెప్పేవాళ్లు లేరు, అప్పటికి సరైన మందూ లేదు. క్యారియర్లని కూడా రోగులుగా లెక్కేశారు. బీమా రేట్లు పెంచారు, ఉద్యోగాలు ఇవ్వలేదు. వైమానిక దళ అకాడమీ క్యారియర్లని 1981 దాకా చేర్చుకోలేదు. మంచి కోసం మొదలెట్టిన పరీక్షే మెడకి చుట్టుకుంది. అన్ని రాష్ట్రాల్లో పుట్టిన పిల్లలందరికీ పరీక్ష చేసేసరికి 2006 అయింది. అప్పటికి చేతిలో మందు ఉంది. పసిపిల్లలకి పెన్సిలిన్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 1986లోనే తేలింది. పరీక్షకి అర్థం వచ్చింది అప్పుడే.

మీ అర్జీలో "మరిన్ని పరీక్షలు" అని ఉంటే దయచేసి కొట్టెయ్యండి. లేదా పరీక్ష తర్వాత ఏం చేస్తారో దాని పక్కనే రాయండి.

ఊట్నూరు_పోరడు

అన్నా, అమెరికల గూడ పెండ్లికాడనే లొల్లా!

మోడరేటర్

ఒక పోస్టులో స్కూలు పేరు, వార్డెన్ పేరు ఉన్నాయి, తీసేశాను. పిల్లల పేర్లు, ఊళ్లు, కార్డు ఫొటోలు ఎవరూ పెట్టొద్దు. ముఖం మసకచేసినా వద్దు.

కొండదారి_హౌస్‌సర్జన్ (బుధవారం)

పద్నాలుగు కాస్తా మూడయ్యాయి. ఒక్క పేజీ. చూసి కొట్టివేతలు చెప్పండి.

"గౌరవనీయులైన ప్రాజెక్ట్ ఆఫీసర్ గారికి, సికిల్ సెల్ వ్యాధితో ఆశ్రమ పాఠశాలల్లో చదువుతున్న బాధిత బాలల తరఫున వైద్య, నర్సింగ్ విద్యార్థులు సమర్పించుకునే ప్రార్థన.

ఒకటి. వ్యాధి ఉన్న విద్యార్థి వివరం తల్లిదండ్రుల అంగీకారంతో హెచ్ఎం, వార్డెన్, దగ్గరి పీహెచ్‌సీ డాక్టర్, ఈ ముగ్గురికే తెలియజేయాలి. ఎక్కడా జాబితా అంటించరాదు. క్యారియర్ల వివరం పాఠశాలకు ఇవ్వనక్కరలేదు.

రెండు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేడినీళ్లు, రాత్రిపూట డార్మిటరీ లోపల తాగునీరు, పీటీ నుంచి మినహాయింపు, తరగతిలో నీళ్ల సీసాకూ మూత్రానికి వెళ్లడానికీ అనుమతి.

మూడు. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, మాత్రకు తగ్గని ఒళ్లునొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. బండి రాలేని చోట ప్రైవేటు జీపు ఖర్చు పాఠశాల నిధి నుంచి భరించేలా ఉత్తర్వు ఇవ్వాలి. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ పాఠశాలకు దగ్గరి పీహెచ్‌సీలోనే దొరకాలి. పీహెచ్‌సీల వారీగా సంఖ్య జతచేశాం."

వెన్నెల_డిగ్రీ

"బాధిత బాలల తరఫున" తీసెయ్యండి. మా తరఫున మీరు రాయడం కాదు, మాతో కలిసి రాయండి. నేనూ సంతకం పెడతాను. ఇంకో ఇద్దరు సీనియర్లున్నారు, వాళ్లనీ అడుగుతాను.

సీతంపేట_మాస్టారు

"ప్రార్థన" కూడా తియ్యి నాయనా. ప్రార్థన గుళ్లో. ఇక్కడ "విన్నపం" చాలు. 25వ సెక్షన్ ప్రస్తావన ఒక్క వాక్యం మూడో దానిలో పడాలి, చట్టం పేరు కనబడితే గుమస్తా ఫైలు పక్కన పడెయ్యడానికి జంకుతాడు. ఇచ్చేటప్పుడు రసీదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఏఎన్ఎం_అక్క

జీపు మాట రాసినందుకు దండం. మా దగ్గర సగం రాత్రి కేసులు డబ్బులెవరిస్తారన్న దగ్గరే తెల్లారిపోతాయి.

కొండదారి_హౌస్‌సర్జన్ (పన్నెండు రోజుల తర్వాత)

ఇచ్చాం. పదకొండు మందిమి వెళ్లాం, వెన్నెల గారూ ఇంకొకరూ వచ్చారు. మాకు దొరికింది నాలుగు నిమిషాలు. మేం కంఠతా పట్టుకెళ్లిందేమీ చెప్పనే లేదు. పీవో గారు పేజీ చదివి, తలెత్తి "వేడినీళ్లకీ దీనికీ ఏంటి సంబంధం?" అన్నారు. మేం నోరు తెరిచేలోపే వెన్నెల గారు చెప్పేశారు. బోరింగు, మంచు, నాలుగున్నర, అన్నీ. ఆయన వింటూ మార్జిన్లో ఏదో రాసుకున్నారు.

వచ్చింది: రెండో అంశం మీద అన్ని ఆశ్రమ పాఠశాలలకీ సర్క్యులర్. ఒకటో అంశంలో జాబితా అంటించొద్దన్న మాట అందులోనే కలిపారు. సంఖ్య జతచేయడం పనిచేసింది, మూడు పీహెచ్‌సీల నుంచి ఇండెంట్ వెళ్లిందని ఫార్మసిస్టు గారు చెప్పారు. రానిది: జీపు ఖర్చు. "ఆడిట్ అభ్యంతరం" అన్నారు. ఏఎన్ఎం పోస్టుల గురించి విడిగా ఇచ్చిన రెండో కాగితం పైకి వెళ్లింది, రసీదు మా దగ్గరుంది.

మందుల_కౌంటర్

క్యాప్సూళ్లు ఇంకా చేరలేదు. చేరాక ఇక్కడే రాస్తా. అన్నీ 500 మిల్లీగ్రాములవే పంపుతారేమోనని నా భయం, చిన్నపిల్లలకి తూకం కుదరదు. డాక్టరుగారూ, బరువుల పట్టీ సిద్ధంగా ఉంచండి.

లోకం_పోకడ

సరే, ఒప్పుకుంటున్నా. జీపు ఖర్చు గురించి ఆడిట్‌లో పనిచేసే మా బావని అడుగుతా. ఏ పద్దు కింద రాస్తే అభ్యంతరం రాదో ఆయనకి తెలియాలి.

వెన్నెల_డిగ్రీ

మా చెల్లి హాస్టల్‌కి నీళ్లు కాచే గీజరు వచ్చింది. మొన్న పెట్టారు. పొద్దున నాలుగు నుంచి ఆరు దాకా మా దగ్గర కరెంటుండదు. కట్టెల పొయ్యి మీద కాచుకోవడానికి వంటావిడ ఒప్పుకుంది గానీ పెద్ద డేక్సా లేదట. ఎంతుంటుంది డేక్సా?

సీతంపేట_మాస్టారు

వంద లీటర్లదైతే మా ఇంట్లో ఉంది. మనవరాలి ఓణీలప్పుడు కొన్నది, అటక మీదే ఉంటోంది. ఎవరైనా జీపు తీసుకురండి.